లెక్క వచ్చు, రాత రాదు

దేవరకొండ బస్టాండులో పొద్దున ఏడు దాటాక కాసేపు నిలబడితే ఒక సంగతి కనబడుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. అప్పటినుంచి ఊరు దాటడం అలవాటు లేని అవ్వలు కూడా బస్సెక్కుతున్నారు. ఆస్పత్రికని, బ్యాంకుకని, బిడ్డ అత్తగారింటికని పోతున్నారు. వాళ్లలో బోర్డు చదవరాని వాళ్లు బస్సును ఎట్లా పట్టుకుంటారో చూడండి. ముందు ఎక్కుతున్న మనుషులను చూస్తారు, తెలిసిన ముఖం ఏదైనా ఉందా అని. లేకుంటే కండక్టరు దగ్గరికి పోయి, "మల్లేపల్లి దిక్కు పోతదా బిడ్డా?" అని అడుగుతారు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే, లోపల కూర్చున్న ఇంకొకామెను అడిగి ఖాయం చేసుకుంటారు. ఒక్క బోర్డు చదవలేని లోటును ఇన్ని ఆధారాలతో పూడ్చుకుంటున్నారు. తెలివి లేని మనిషి చేసే పని కాదది.

మరి అదే మనిషి రాత్రిబడికి వచ్చి కూర్చుంటే మనం ఏం చేస్తాం? పలక చేతిలో పెట్టి, 'అ' అంటే అమ్మ, 'ఉ' అంటే ఉడుత అని మొదలుపెడతాం. అరవై ఏళ్ల ఆమెకు ఉడుతను పరిచయం చేస్తాం! నాలుగు రోజులు మర్యాదకు వస్తుంది. ఐదో రోజు రాదు. మనం రిజిస్టర్లో 'ఆసక్తి లేదు' అని రాసుకుంటాం.

ఈ పూట నేను మాట్లాడదలచింది ఆ ఐదో రోజు గురించి.

ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, కొందరు చేసి నేర్చుకుంటారు, కాబట్టి ఎవరు ఏ రకమో తేల్చుకొని ఆ రకంగానే పాఠం చెప్పాలి అని. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయనతో పాటు మరో ముగ్గురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించి, అట్లా రకాన్ని బట్టి చెప్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి గట్టి రుజువు లేదని తేల్చారు. నా మాటా అదే. మా నల్లగొండ, పాలమూరు పెద్దవాళ్లలో తేడా కంటిలోనో చెవిలోనో లేదు. ఏం పని చేసి బతుకుతున్నారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ నెలలో ఊర్లో ఉంటారు, చదువు రాదని ఎవరి ముందు తలవంచుకోవలసి వచ్చింది, తేడా అంతా అక్కడ ఉంది. పాఠం మారవలసింది దాన్ని బట్టి.

ముందు ఈ నేల సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్లగొండ జిల్లా అక్షరాస్యత 64 శాతం, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాది, అంటే పాలమూరుది, 55 శాతం. పాలమూరు ఆడవాళ్లలో చదవను, రాయను వచ్చినవాళ్లు 45 శాతానికి లోపే. తర్వాత జిల్లాలు విడిపోయాయి, పేర్లు మారాయి. ఆ అవ్వలు మాత్రం ఆ ఊళ్లలోనే ఉన్నారు.

ఈ వెనుకబాటు నిన్న మొన్నటిది కాదు. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ, భూమి కాగితం ఉర్దూ, పెద్ద బడిలో చదువు ఉర్దూ. ఇంట్లో మాట మాత్రం తెలుగు. తన పొలం కాగితాన్ని తాను చదువుకోలేని రైతు, పట్వారీ చదివి చెప్పిందే నిజమనుకోవాలి. తెలుగులో చదువు కావాలని అడగడమే ఆ రోజుల్లో ఉద్యమం. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక తెచ్చాడు. ఇటికాలపాడు వాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షుడు. మరుసటి ఏడు రెండో సభ మన దేవరకొండలోనే జరిగింది, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. అంటే ఇక్కడి పల్లెల్లో తాతలకు, అవ్వలకు చదువు దొరకకపోవడానికి రాజ్యమే ఒక కారణం. రాత్రిబడికి వచ్చిన మనిషిని 'నీకెందుకు రాలేదు' అని అడిగే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఆ కాలం పోయినా మాటలు మిగిలాయి. పట్టా, పహాణీ, రశీదు, దరఖాస్తు, జమాబందీ. పలక పట్టని రైతు కూడా వీటిని రోజూ వాడతాడు. ఎప్పుడు పలకాలో, ఎవరి ముందు పలకాలో తెలుసు. నోటికి ఇంతగా అలవాటైన మాటలుండగా ఉడుతతో పనేముంది? 'పట్టా'లో వత్తు ఉంది, అది కొంచెం ఆగొచ్చు. 'పహాణీ'లో మాత్రం కష్టమైన అక్షరం ఏదీ లేదు. తన కాగితం మీద ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించిన రోజు రైతు ముఖం చూడాలి.

ఇక లెక్క. నాకు ఎక్కువ సేపు మాట్లాడాలని ఉన్నది దీని గురించే. ఎందుకంటే మనం చేసే అన్యాయం ఇందులో ఎక్కువ. చదువు రాదు కాబట్టి లెక్క కూడా రాదనుకొని, ఒకటి రెండు మూడు దగ్గర మొదలుపెడతాం.

రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. ఊరిని బట్టి కొలతలో కొంచెం తేడా ఉండొచ్చు గానీ, జొన్నలు, కందులు కొలిచి పెరిగిన ముసలివాళ్లకు ఈ వరస నోటికి వచ్చు. కుంచంలో సోల ఎన్నో వంతు అని అడిగితే, పదహారో వంతు అని వాళ్లు బడి భాషలో చెప్పరు. కానీ కుంచెడు గింజలు నలుగురికి పంచమంటే తలా మానెడు కొలిచి ఇస్తారు. భిన్నాలంటే ఇవే. ఆరో తరగతి పిల్లవాడు ఏడాది పాటు కష్టపడే పాఠం ఆ చేతుల్లో ముందే ఉంది. మనం నేర్పవలసింది దాన్ని కాగితం మీద ఎట్లా రాస్తారన్నదే.

భూమి లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. మన దగ్గర ఎకరానికి నలభై గుంటలు. నేను చూసిన ఒక ఇంట్లో ఒక తల్లి, ఇంటర్ చదివిన కొడుకు, మధ్యలో పాస్‌బుక్. అందులో విస్తీర్ణం 2.10 అని ఉంది. ముగ్గురు అన్నదమ్ములకు పంచాలి. కొడుకు ఫోన్ తీసి, రెండు పాయింట్ పదిని మూడుతో భాగించి, "సున్నా పాయింట్ డెబ్బై" అన్నాడు. తల్లి నవ్వింది. "డెబ్బై గుంటలు ముగ్గురికిస్తే రెండు వందల పది గుంటలైతయి కదరా, అయిదెకరాలు దాటుతది. మనకున్నదెంత? రెండెకరాల పది గుంటలు, అంటే తొంభై గుంటలు. తలా ముప్పై." ఆమె ఏ బడికీ పోలేదు. పాస్‌బుక్‌లో ఆ చుక్క దశాంశం చుక్క కాదు, ఎకరాలకూ గుంటలకూ మధ్య అడ్డు మాత్రమే. ఆ సంగతి చదువుకున్న కొడుక్కి తెలియదు, చదువు రాని తల్లికి తెలుసు. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి పాఠం చెప్పాలి?

వడ్డీ లెక్క కూడా అంతే. నూటికి రెండు రూపాయల చొప్పున అయిదు వేలు తెచ్చి ఏడు నెలలు వాడుకుంటే మిత్తి ఏడు వందలని మా ఆడవాళ్లు కూరగాయలు కోస్తూ చెప్తారు. కానీ బ్యాంకు కాగితం మీద '12 శాతం' అని ఉంటే ఆగిపోతారు. పన్నెండు పెద్ద అంకె, రెండు చిన్న అంకె. బ్యాంకు మిత్తే ఎక్కువేమో అని అనుమానం. ఇక్కడ పంతులు చెప్పవలసింది ఒక్క మాట: అది ఏడాదికి, నెలకు చూస్తే నూటికి ఒక్క రూపాయే. అదే అయిదు వేలకు ఏడు నెలల్లో మూడు వందల యాభై. ఈ ఒక్క మాట ఎక్కిన రోజు శాతాల పాఠం ముగిసినట్టే. పుస్తకంలో శాతాలు ఆఖరి పేజీల్లో ఉంటాయి. మహిళా సంఘంలో అప్పు తీసుకునే ఆడవాళ్లకు అవి మొదటి వారంలోనే కావాలి.

చదవడం దగ్గరికి వద్దాం. అక్షరమాల 'అ'తో మొదలవుతుంది గానీ, కొడవలి, పార పట్టిన చేతికి 'అ' తిప్పడం కష్టం. 'గ', 'ర', 'ప', 'ల' సులువు. ముగ్గు వేసే ఆడవాళ్లకైతే చుక్కల మధ్య గీతను తిప్పడం పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది, నేల మీద సుద్దతో పెద్దగా రాయిస్తే చేయి వణకదు. పలక మీద వణుకుతుంది. అందుకని నేను మొదటి వారం పలకలు ఇవ్వనే వద్దంటాను.

మర్రిగూడ వైపు ఒక ఊళ్లో ఒక పంతులమ్మ పాఠం మొదలుపెట్టిన తీరు చెప్తాను. ఆమె గోడ మీద ఒక్క మాట రాసింది: కూలి. రాసి ఊరుకుంది. ఏమిటిది అని అడిగారు. కూలి, అన్నది. "మీకెంత ఇస్తున్నరు?" నాలుగొందలు. "మొగోళ్లకు?" ఎనిమిదొందలు. "ఎందుకట్లా?" ఇక ఎవరూ ఆగలేదు. మందు కొట్టే పని మొగోళ్లది కాబట్టి ఎక్కువని ఒకామె, వంగి నాటేసే నడుముకు ధర లేదా అని ఇంకొకామె. ఉపాధి హామీ పనిలో ఇద్దరికీ ఒకటే రేటు కదా, అక్కడ లేని తేడా ఇక్కడెందుకని మూలన కూర్చున్న కోడలు పిల్ల అడిగింది. అరగంట గడిచాక పంతులమ్మ మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. 'కూ', 'లి' విడదీసింది. క, కా, కి, కీ, కు, కూ. ల, లా, లి, లీ, లు, లూ. ఈ పన్నెండింటితో మీకు తోచిన మాటలు చెప్పండి అంది. కాలు, కల, కాకి, కీలు, కాలి అని ఒక్కొక్కటే వచ్చాయి. మొదటి రోజే తమ నోటినుంచి వచ్చిన మాట గోడ మీద కనబడింది.

ఈ పద్ధతికి ప్రపంచంలో పెద్ద పేరుంది. బ్రెజిల్‌లో పావ్లో ఫ్రెయిరీ 1963లో అంజీకోస్ అనే చోట దాదాపు 300 మంది కూలీలకు 45 రోజుల్లో చదవడం, రాయడం నేర్పించాడు. వాళ్ల బతుకులో బరువున్న మాటలను ఏరి, ఆ మాటల చుట్టూ చర్చ పెట్టి, ఆ తర్వాతే అక్షరాలు విడదీశాడు. మరుసటి ఏడాది అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి ఆయన్ను జైల్లో పెట్టింది, తర్వాత దేశం విడిచి పోవలసి వచ్చింది. అక్షరాలు నేర్పినందుకు జైలేమిటి అనిపిస్తుంది. మన దగ్గర నెల్లూరు జిల్లా అక్షర ఉద్యమం గుర్తున్నవాళ్లకు ఆశ్చర్యం ఉండదు. 1990ల మొదట్లో అక్కడ రాత్రిబడి వాచకంలో ఒక ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ పాఠంగా వచ్చింది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు దాన్ని కథగా వదిలిపెట్టలేదు. ఆ మంట అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. చదువు రాని వాళ్లకు ఆసక్తి లేదనే అధికారులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పాలమూరులో కూడా ఇట్లాంటి పని జరిగింది, అంత చప్పుడు లేకుండా. మహిళా సమతా సొసైటీ 1993లో ఉమ్మడి రాష్ట్రంలో అడుగుపెట్టింది మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లోనే. వాళ్లు పలకలతో ఊళ్లోకి పోలేదు. ముందు సంఘం కూర్చుంది. నీళ్లు, కూలి, బాల్య వివాహం, జోగిని ఆచారం, ఏది బాధగా ఉంటే దాని గురించి మాట్లాడుకున్నారు. అక్షరాలు ఎప్పుడు, ఎంత కావాలో ఆడవాళ్లే నిర్ణయించుకోవాలన్నది ఆ కార్యక్రమం నియమం. అర్జీ రాయవలసిన అవసరం వచ్చినప్పుడు అక్షరం దానంతట అదే కావలసి వస్తుంది. బడి మానేసిన ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకోవడానికి మహిళా శిక్షణ కేంద్రాలు కూడా పెట్టారు. లక్ష్యం ఇంత, ఇన్ని నెలల్లో ఇంతమంది అని పైనుంచి అంకె దిగే కార్యక్రమాలతో పోలిస్తే ఇది నెమ్మది. నాకు నెమ్మదే నచ్చుతుంది.

భాష సంగతి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో ఇంటి మాట లంబాడీ. నారాయణపేట పోతే కన్నడం, గద్వాల దాటితే తెలుగులోనే ఇంకో యాస. పాత పట్టణాల గల్లీల్లో ఉర్దూ. తండాలో పెద్దామెకు తెలుగు అర్థమవుతుంది, అంగడిలో బేరం చేస్తుంది. కానీ తెలుగులో చదవడం నేర్చుకోవడమంటే ఆమెకు రెండు పనులు ఒకేసారి. తండా పిల్లల్లో పదో తరగతి చదివినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటే సగం కష్టం పోతుంది. ముందు మాట లంబాడీలో చెప్పించి, తర్వాత తెలుగులో చూపించాలి. తెలుగువాళ్ల దగ్గర కూడా యాస ఉంది. పుస్తకంలో 'వేరుశనగ' అని ఉంటుంది, మా వైపు పల్లి. 'వస్తున్నాడు' అని ఉంటుంది, మా దగ్గర వస్తున్నడు. పల్లికాయ బొమ్మ చూసి 'పల్లి' అని సరిగ్గా చెప్పినామెకు తప్పు పెట్టిన వాలంటీరును నేను చూశాను. ఆమె రెండోసారి నోరు తెరవలేదు. పుస్తకం మాట మూడో నెలలో వచ్చినా నష్టం లేదు.

ఇప్పుడు శరీరం గురించి. ఏ శిక్షణ పుస్తకంలోనూ దీనికి చోటు ఉండదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో దశాబ్దాలుగా బోరు నీళ్లు తాగినవాళ్ల ఎముకలను ఫ్లోరైడ్ తినేసింది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫ్లోరైడ్, ఈ ఊళ్ల బావుల్లో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టి వేరే దేశాలు కూడా వాడుకున్నాయి, నల్లగొండ మనిషి మెడ మాత్రం తిరగలేదు. తర్వాత మిషన్ భగీరథ కింద నది నీళ్లు వచ్చాయి, కొత్త పిల్లల ఎముకలు బాగుంటాయి. యాభై దాటినవాళ్ల కీళ్లు బిగుసుకుపోయే ఉన్నాయి. వాళ్లు బాసిపట్టు వేసుకొని నేల మీద కూర్చోలేరు. మెడ వంచి ఒళ్లో పలక చూడలేరు. సన్న బలపం వేళ్లకు అందదు. ఇట్లాంటి మనిషిని చాప మీద కూర్చోమని చెప్పి, మూడో రోజు రాకపోతే బద్ధకమంటే ఎట్లా? ఆ ఊళ్లలో రాత్రిబడికి కావలసింది నాలుగు కుర్చీలు, కంటి ఎత్తున గోడకు నల్ల రంగు, బొటనవేలంత లావు సుద్ద. నిలబడి రాసుకుంటారు.

కళ్లు కూడా అంతే. నలభై దాటితే చత్వారం వస్తుందని చదువుకున్నవాళ్లకు తెలుసు, అద్దాలు పెట్టుకుంటారు. చదవవలసిన పని లేని మనిషికి తన చూపు తగ్గిన సంగతే తెలియదు. దూరం పొలం బాగానే కనబడుతుంది కదా. పుస్తకం చేతికి ఇచ్చినప్పుడు అక్షరాలు అలుక్కుపోతాయి. "నాకు సదువు రాదు సారూ, నా బుర్రకెక్కదు" అంటుంది. బుర్రకు కాదు తల్లీ, కంటికి. 2018లోనూ మళ్లీ 2023లోనూ కంటి వెలుగు శిబిరాలు పెట్టి దగ్గరి చూపు అద్దాలు ఉచితంగా ఇచ్చారు. ఆ అద్దాలు ఇంట్లో పెట్టెలో ఉంటే తీసుకొని రమ్మనండి. చదువు చెప్పే ముందు చూపు పరీక్ష చేయించడం పంతులు పని కాదనుకుంటే, ఆ పంతులు చెప్పేది సగం మందికి కనబడదు.

కాలం సంగతి పాలమూరు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబరు ఉంటుందని పేరు. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఇంటికి తాళం పడుతుంది, మళ్లీ దసరాకో పీర్ల పండుగకో ఊరు నిండుతుంది. సాగునీళ్లు వచ్చాక వలస తగ్గిన ఊళ్లున్నాయి, పూర్తిగా పోని ఊళ్లూ ఉన్నాయి. అక్కడ ఏడాది పొడుగునా సాగే బడి ఎవరికోసం? నల్లగొండలో పత్తి ఏరే రోజుల్లో సాయంత్రం ఇల్లు చేరిన ఆడమనిషికి వంట, గిన్నెలు, పిల్లలు అయ్యేసరికి తొమ్మిది. 2009లో వచ్చిన సాక్షర భారత్ కింద ప్రతి పంచాయతీలో ఒక వయోజన విద్యా కేంద్రం పెట్టారు, 2018 మార్చితో అది ఆగిపోయింది. ఆ కేంద్రాల్లో చాలావాటికి వేళ ఉండేది, ఊరి పనికి తగ్గ వేళ ఉండేది కాదు. వలస వెళ్లేవాళ్లకు చదువు చెప్పాలంటే బడిని ఇటుక బట్టీకి, గుడిసెల దగ్గరికి తీసుకొనిపోవాలి. లేదా ఊళ్లో ఉన్న రెండు నెలల్లో కావలసినంత చెప్పి పంపాలి: సంతకం, ఫోన్లో పేరు వెతుక్కోవడం, మేస్త్రీ రాసుకున్న హాజరు చదవడం. చివరిది అన్నిటికంటే ముఖ్యం. పని దినాలు ఎన్ని పడ్డాయో చదవగలిగిన కూలీకి మేస్త్రీ ఎగ్గొట్టేది తగ్గుతుంది.

ఇప్పుడు నడుస్తున్నది ఉల్లాస్. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన కొత్త అక్షరాస్యత కార్యక్రమానికి ఆ పేరు పెట్టారు. పదిహేనేళ్లు దాటిన ఎవరైనా చేరవచ్చు, జీతం లేని వాలంటీర్లు చెప్తారు, చివర చదవడం, రాయడం, లెక్కలు కలిపి 150 మార్కుల పరీక్ష. పరీక్ష వద్దని నేను అనను. సర్టిఫికెట్ అందుకున్న అవ్వ ఫోటో దిగే సంబరం నాకు తెలుసు. ప్రశ్నలు ఎట్లా ఉంటున్నాయన్నదే నా పేచీ.

దీనికి పాత కథ ఒకటి ఉంది. 1931, 1932లో అలెగ్జాండర్ లూరియా అనే సోవియట్ శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెలకు పోయి, చదువు రాని రైతులకు నాలుగు బొమ్మలు చూపించాడు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ. ఇందులో చేరనిది ఏది అని అడిగాడు. దుంగ అన్నది బడి జవాబు, ఎందుకంటే మిగతా మూడూ పనిముట్లు. రైతులు ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపంతో ఏం కోస్తాం, గొడ్డలితో ఏం నరుకుతాం, అన్నీ ఉండాల్సిందే అన్నారు. వాళ్లకు ఆలోచన రాదని ఎవరైనా అనగలరా? వాళ్లు పనిని చూశారు, బడి పేర్ల జాబితాను చూసింది. మా వైపు 'చేరనిదాన్ని గుర్తించండి' అన్న ప్రశ్నకు గడ్డపార, పార, తట్ట, మన్ను అని ఇస్తే ఉపాధి పనికి పోయే ఆమె కూడా ఇదే జవాబు చెప్తుంది. దిద్దేవాడు సున్నా వేస్తాడు.

పొలంబడి ఈ తప్పు చేయలేదు. ఇండోనేషియాలో వరికి దోమ పోటు తగిలాక, 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో మొదలైన ఆ పద్ధతి తర్వాత మన దగ్గరికీ వచ్చింది. రైతులు వారానికోసారి మడిలో దిగి పురుగులు లెక్కపెట్టి, మొక్క బొమ్మ వేసి, ఏది శత్రు పురుగు ఏది మిత్ర పురుగు అని వాదించుకుంటారు. ఇదేం పురుగు సారూ అని అడిగితే శిక్షకుడు పేరు చెప్పడు. ఎక్కడ కనబడింది, ఏం తింటున్నది అని తిరిగి అడుగుతాడు. జవాబు రైతు దగ్గరే ఉంటుందన్న నమ్మకం మీద నడిచే బడి అది. రాత్రిబళ్లు దాన్నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

చేనేత వాళ్ల గురించి ఒక్క మాట చెప్పకుండా నల్లగొండ మాట ముగియదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేశాడు. ఒక చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, తల్లి లక్ష్మి దాదాపు తొమ్మిది వేల సార్లు చేయి ఆడించాలి, భుజం పడిపోయేది. ఆ నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో యంత్రం తయారు చేశాడు, తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మోటార్లు, ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నది పాఠ్యక్రమం ప్రకారం కాదు. యంత్రంలో ఏ భాగం దగ్గర ఆగిపోతే ఆ భాగానికి కావలసింది వెతుక్కున్నాడు. పెద్దవాళ్లు నేర్చుకునే వరస ఇదే. పోచంపల్లిలో గళ్ల కాగితం మీద డిజైన్ చూసి దారానికి ముడులు వేసి చిటికి కట్టే నేతగానికి ఎక్కాల పట్టిక నేర్పాలంటే ఆ గళ్ల కాగితమే పుస్తకం. వేరేది కొనవలసిన పని లేదు.

పై చదువులు కావాలనుకునేవాళ్లకు దారులు ఉన్నాయి. బడిలో చదవని వాళ్లను కూడా అర్హత పరీక్షతో డిగ్రీకి తీసుకున్న విశ్వవిద్యాలయం దేశంలో మొదట 1982లో మన దగ్గరే పుట్టింది. ఇప్పుడు దాని పేరు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పదో తరగతి, ఇంటర్ కోసం ఓపెన్ స్కూల్ ఉంది, పైవయసు పరిమితి లేదు. తల్లీ కూతుళ్లు ఒకే ఏడాది పది రాసినా ఎవరూ కాదనరు.

వాలంటీర్లుగా పనిచేస్తున్న డిగ్రీ పిల్లలకు, సంఘం లీడర్లకు నాదొక మనవి. 'అమ్మకు అక్షరమాల' అని పుస్తకం చేతికి వచ్చే ఉంటుంది. మొదటి సాయంత్రం దాన్ని తెరవకండి. వచ్చినవాళ్లలో ఒక్కొక్కరినీ, ఏం పని చేస్తరు, ఏ నెలలో ఊర్లో ఉండరు, ఇంట్లో ఏ మాట మాట్లాడతరు, కూర్చోవడానికి ఇబ్బంది ఉందా, కళ్లద్దాలు ఉన్నయా, ఏం చదవాలని వచ్చిన్రు అని అడిగి రాసుకోండి. ఒకామె బస్సు బోర్డంటుంది, ఒకామె మందుల చీటీ అంటుంది, ఒకామె మనవడి ప్రోగ్రెస్ కార్డంటుంది. రెండో రోజు పాఠం ఆ కాగితం మీదనుంచి చెప్పండి. పుస్తకం మూడో వారంలో తెరిచినా ఎవరూ మిమ్మల్ని అడగరు, ఒకవేళ సూపర్వైజరు అడిగితే ఆ కాగితం చూపించండి.